బట్టల ఫ్యాక్టరీలో స్పెసిఫికేషన్, పని విధానం రాయడం ఎలా: ఒక స్కూలు చొక్కాతో మొదటి నుంచి చివరి దాకా

ఒకే చొక్కాను ఇద్దరు కొలిచారు. ఒకరికి సగం ఛాతీ (పరిచిన చొక్కా ఈ పక్క నుంచి ఆ పక్కకి) 44.5 సెంటీమీటర్లు వచ్చింది, ఇంకొకరికి 46. ఇద్దరూ ఏళ్ల తరబడి చెకింగ్‌లో ఉన్నవాళ్లే, ఇద్దరి టేపులూ సరైనవే. మొదటివారు చంక కుట్టు కింద టేపు పెట్టి బట్టను కదపకుండా కొలిచారు. రెండోవారు ముడతలు పోవాలని రెండు వైపులా లాగి పట్టుకుని కొలిచారు. లైన్‌లో చెకింగ్ చేసింది రెండోవారు. అలా పాసైన 1,200 చొక్కాలు డబ్బాల్లోకి వెళ్లాక బయ్యర్ తరఫు మనిషి వచ్చి, లాగకుండా కొలిచారు. డబ్బాలన్నీ విప్పి మళ్లీ కొలవడానికి మూడు రాత్రులు పట్టింది. మా స్పెక్ షీట్‌లో ఉన్నదల్లా "ఛాతీ 46, తేడా 1" అన్న మాటే. టేపు ఎక్కడ పెట్టాలో, బట్టను ఎలా పరచాలో అందులో లేదు. ఆ షీటు రాసింది నేనే.

అప్పటి నుంచి ఏ కాగితం రాసినా ఒకటే చూసుకుంటాను: ఇందులో ఉన్న ప్రతి మాటనీ ఫ్లోర్ మీద ఎవరైనా టేపుతోనో, త్రాసుతోనో, గడియారంతోనో, పక్కన పెట్టిన శాంపిల్‌తోనో సరిచూడగలరా? అలా సరిచూడలేని మాటను ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చేసుకుంటారు. కింద చెప్పేదంతా చిన్న, మధ్యతరహా యూనిట్ల కోసం. ఉదాహరణకి అబ్బాయిల హాఫ్ చేతుల స్కూలు చొక్కా తీసుకున్నాను. తెలంగాణలో ప్రభుత్వ బడుల యూనిఫాంలు మహిళా సంఘాల వాళ్లు కూడా కుడుతున్నారు. పెద్ద ఫ్యాక్టరీల్లో ఈ కాగితాలు రాయడానికి వేరే డిపార్ట్‌మెంట్ ఉంటుంది. సంఘాల్లో, చిన్న షెడ్లలో రాసేవాళ్లు, కుట్టించేవాళ్లు, చెక్ చేసేవాళ్లు అందరూ ఆ ఇద్దరు ముగ్గురే.

ముందుగా ఒక తేడా తెలిసి ఉండాలి. వస్తువు చివరికి ఎలా ఉండాలో చెప్పేది స్పెసిఫికేషన్. దాన్ని ఎవరు, ఏ వరసలో, ఎలా చేయాలో చెప్పేది పని విధానం, అంటే ఎస్‌ఓపీ. ఈ రెండూ ఒకే కాగితంలో కలిపేస్తే ఆర్డరు మారిన ప్రతిసారీ అంతా మళ్లీ రాయాలి. చొక్కా పోయి ప్యాంటు వచ్చినా ఫ్యూజింగ్ మెషిన్ (కాలర్ లాంటి ముక్కలకి లోపలి గట్టి పొరను వేడితో అతికించేది) నడిపే పద్ధతి మారదు. మారేది స్పెక్ మాత్రమే.

మొదటి మెట్టు: రాసే ముందు రెండు రోజులు చూడడం

నోట్‌బుక్, టేపు పట్టుకుని ఫ్లోర్ మీదకి వెళ్లండి. కటింగ్ టేబుల్ నుంచి ప్యాకింగ్ దాకా ఒక బండిల్ (కోసిన ముక్కల కట్ట) వెంటే నడవండి. చేతులు ఎక్కడ ఆగుతున్నాయో, ఎవరు ఎవర్ని ఏం అడుగుతున్నారో రాసుకోండి. "అన్నా, కాలర్‌కి ఎంత మార్జిన్ వదలాలి?" అని ఒక ఆపరేటర్ పక్కవాళ్లని అడిగిందంటే, మీ స్పెక్‌లో రాయాల్సిన మొదటి వాక్యం దొరికినట్టే. జనం అడిగే ప్రశ్నలన్నీ రాసుకుంటే సగం పని అయిపోతుంది.

ముఖ్యంగా చూడాల్సింది కటింగ్ మాస్టర్ గారిని. తానులో ఎక్కడ కొంచెం వదలాలో, ఏ గుడ్డను పరిచాక ఎంతసేపు ఆగి కోయాలో ఆయనకి చేతి అలవాటులో ఉంటుంది. అడిగితే "అది చూస్తే తెలుస్తుంది" అంటారు. అలా అన్నప్పుడు "మాస్టర్ గారూ, మీరు దేన్ని చూస్తున్నారు?" అని అడగండి. అంచు వంకరా, లేయర్ల మధ్య గాలా, పన్నా (గుడ్డ వెడల్పు) తేడానా? ఆయన చెప్పిన మాటనే రాయండి. ఆయన ఊరెళ్లిన వారం యూనిట్‌ని నడిపించేది ఆ మాటే.

రెండో మెట్టు: గుడ్డ గురించి రాయడం

"మంచి క్వాలిటీ కాటన్ మిక్స్, తెల్లది" అని రాసిన పర్చేజ్ ఆర్డర్లు నేను చూశాను. దాన్ని పట్టుకుని సప్లయర్‌తో వాదించడం ఎవరివల్లా కాదు. గుడ్డ స్పెక్‌లో ఇవి ఉండాలి: ఏ పీచు ఎంత శాతం (మన చొక్కాకి పాలిస్టర్ 67, కాటన్ 33 అనుకుందాం), నూలు కౌంటు (నూలు ఎంత సన్నమో చెప్పే అంకె), అంగుళానికి పడుగు (నిలువు) పోగులెన్ని, పేక (అడ్డం) పోగులెన్ని, కోతకి పనికొచ్చే పన్నా, బరువు, కుంచించుకుపోయే శాతం, రంగు నిలిచే గ్రేడు.

బరువుని జీఎస్ఎంలో, అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో రాస్తాం. 125 జీఎస్ఎం, తేడా 5 శాతం అంటే 119 నుంచి 131 దాకా పాస్. కొలిచే పద్ధతి కూడా పక్కనే రాయండి: గుండ్రటి కట్టర్‌తో 100 చదరపు సెంటీమీటర్ల ముక్క కోసి గ్రాముల్లో తూచి 100తో గుణించాలి. ముక్క 1.25 గ్రాములుంటే 125 జీఎస్ఎం. అంచు దగ్గర కోయకూడదు, అక్కడ నేత చిక్కగా ఉంటుంది. పన్నా పొడవునా కనీసం ఐదు చోట్ల కోసి సగటు తీయాలి.

కుంచింపు లెక్కలో చాలామంది ఒక చిన్న తప్పు చేస్తారు. గుడ్డ మీద 50 సెంటీమీటర్ల చదరం గీసి, మీరు లేబుల్ మీద రాయబోయే పద్ధతిలోనే ఉతికి ఆరబెట్టి మళ్లీ కొలవండి. 48.5 వస్తే 3 శాతం తగ్గినట్టు. ఉతికాక పొడవు 64 ఉండాలంటే 64ని 0.97తో భాగించాలి, 66 వస్తుంది. 64కి 3 శాతం కలిపేసినా దాదాపు అంతే వస్తుంది కాబట్టి ఈ చొక్కాలో తప్పు బయటపడదు. అదే అలవాటుతో 8 శాతం తగ్గే నిట్ (అల్లిక) గుడ్డకి కలిపితే అర సెంటీమీటరు దాకా పొట్టి అవుతుంది. అందుకే భాగించే పద్ధతినే ఎస్‌ఓపీలో పెట్టండి. పడుగు వైపు, పేక వైపు వేర్వేరుగా రాయడం మర్చిపోవద్దు.

గుడ్డ లోపాలకి నాలుగు పాయింట్ల పద్ధతి వాడండి. లోపం 3 అంగుళాల లోపు ఉంటే 1 పాయింటు, 6 లోపు 2, 9 లోపు 3, అంతకు మించితే 4. చిల్లు అంగుళం దాకా ఉంటే 2, దాటితే 4. ఒక గజంలో ఎన్ని లోపాలున్నా 4 పాయింట్లకు మించి వేయరు. మొత్తం పాయింట్లను 3,600తో గుణించి, గజాల పొడవుని అంగుళాల పన్నాతో గుణించిన దానితో భాగించాలి. 58 అంగుళాల పన్నా ఉన్న 100 గజాల తానులో 50 పాయింట్లు వస్తే 100 చదరపు గజాలకి 31 అన్నమాట. ఎక్కువమంది పెట్టుకునే హద్దు 40. మీ హద్దు ఏదైనా అంకె రాసి, సప్లయర్‌తో ముందే సంతకం చేయించుకోండి.

రంగు విషయంలో ఒక జాగ్రత్త. సిరిసిల్ల లాంటి చోట్ల మరమగ్గాల మీద నేసిన గుడ్డ తెప్పిస్తే, ఒకే ఆర్డరు గుడ్డ చాలా షెడ్లలో నేసి ఉంటుంది, రంగు అద్దకం వేర్వేరు లాట్లలో జరిగి ఉంటుంది. అందుకని ప్రతి తాను నుంచి చిన్న ముక్క కోసి, తాను నంబరు రాసి, వరసగా అతికించి చూడాలి. ట్యూబ్‌లైట్ కింద ఒకేలా కనిపించిన రెండు ముక్కలు పగటి వెలుతురులో వేరుగా కనిపిస్తాయి. కాబట్టి ఏ వెలుతురులో చూడాలో స్పెక్‌లో రాయాలి. లైట్ బాక్స్ ఉంటే డీ65 దీపం (పగటి వెలుతురు లాంటిది). లేకపోతే ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర, పగటిపూట. ఇక ఒక చొక్కా ముక్కలన్నీ ఒకే తాను, ఒకే లేయర్ నుంచి రావాలి. ముక్కల మీద నంబరు స్టిక్కర్లు వేసేది అందుకే. ఆ స్టిక్కర్ ఎందుకో హెల్పర్‌కి చెబితే తను దాన్ని పొరపాటున కూడా పీకదు.

మూడో మెట్టు: కొలతల పట్టిక

ప్రతి కొలతకీ నాలుగు గడులు: పేరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, అంకె, తేడా. నా మొదటి షీట్‌లో రెండో గడి లేదు. ఇప్పుడు ఛాతీకి ఇలా రాస్తాను:

"గుండీలన్నీ పెట్టాలి. చొక్కాను బల్ల మీద వెల్లకిలా పరిచి అరచేత్తో ముడతలు సర్దాలి, లాగకూడదు. చంక కుట్లు కలిసే చోటు నుంచి 2.5 సెంటీమీటర్లు కిందకి వచ్చి, ఈ పక్క సైడ్ కుట్టు అంచు నుంచి ఆ పక్క సైడ్ కుట్టు అంచు వరకు. 46 సెం.మీ. తేడా: ఎక్కువైనా తక్కువైనా 1."

పొడవుకి: భుజం కుట్టు కాలర్‌ని తాకే చోటు నుంచి కింది అంచు దాకా, ముందు వైపు, నిలువుగా. పక్కన చొక్కా బొమ్మ గీసి బాణం గుర్తులు పెట్టండి. గీత వంకరగా వచ్చినా పర్వాలేదు, బాణం మొదలు, చివర స్పష్టంగా ఉంటే చాలు.

తేడా ఎంత ఇవ్వాలన్నది సైజుల మధ్య దూరాన్ని బట్టి నిర్ణయించాలి. సైజుకి సైజుకి సగం ఛాతీలో 2.5 సెంటీమీటర్లు పెరుగుతుందనుకోండి. తేడా 1 ఇస్తే ఈ సైజులో పెద్దది 47, పై సైజులో చిన్నది 47.5. ఇంకా విడిగానే ఉన్నాయి. తేడా 1.5 ఇస్తే రెండు సైజులూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. లేబుల్ నమ్మి తీసుకున్న పిల్లాడికి చొక్కా బిగుతుగా ఉంటుంది. మెడకి, జేబు ఉండే చోటుకి ఛాతీకిచ్చినంత తేడా ఇవ్వకూడదు. రెండు కాలర్ కొనల మధ్య 3 మిల్లీమీటర్ల తేడా ఉన్నా ఎదుటివాళ్ల కంటికి ఇట్టే కనిపిస్తుంది.

కుడి, ఎడమ రాసేటప్పుడు "తొడుక్కున్నవాళ్ల కుడి", "తొడుక్కున్నవాళ్ల ఎడమ" అని పూర్తిగా రాయండి. ఆపరేటర్ ముందు చొక్కా ఎదురుగా ఉంటుంది కాబట్టి ఆమె కుడి చేతి వైపు ఉన్నది తొడుక్కున్నవాళ్లకి ఎడమ. అబ్బాయిల చొక్కాకి జేబు, కాజాలు తొడుక్కున్నవాళ్ల ఎడమ వైపు, గుండీలు కుడి వైపు. "ఎడమ జేబు" అని వదిలేస్తే ఒక బండిల్ మొత్తం తప్పు వైపు కుట్టుకుపోవచ్చు.

నాలుగో మెట్టు: కుట్టు, దారం, గుండీ

కుట్టు రకాలకి అంతర్జాతీయ నంబర్లున్నాయి. మామూలు సింగిల్ నీడిల్ లాక్ కుట్టు 301, గొలుసు కుట్టు 401, మూడు దారాల ఓవర్‌లాక్ 504, ఈ రెండూ కలిసిన ఐదు దారాల కుట్టు 516. బయ్యర్ వేరే రాష్ట్రం వాళ్లయినా, వేరే దేశం వాళ్లయినా నంబరు చూస్తే అర్థమవుతుంది. మీ షీట్‌లో నంబరు, మెషిన్ పేరు రెండూ రాయండి. ఎందుకంటే ఆపరేటర్ పిలిచేది మెషిన్ పేరుతోనే.

ఈ చొక్కాకి నేను రాసేది: భుజం, కాలర్, ప్లాకెట్ (ముందు గుండీల పట్టీ) 301, సైడ్ కుట్టు 516, అంగుళానికి 10 నుంచి 12 కుట్లు, 120 టికెట్ (దారం మందం నంబరు) పాలిస్టర్ దారం, 11 నంబరు సూది. అంగుళానికి కుట్లను కుట్టు మొదట్లో, చివర్లో కాకుండా మధ్యలో లెక్కపెట్టాలని కూడా రాయండి. రెండు చివర్లా వెనక్కి తిప్పి గట్టిపరచిన కుట్లుంటాయి, అక్కడ లెక్క తప్పుతుంది.

గుండీ దగ్గర ఆగి ఆలోచించండి. గుండీ సైజుని లైన్లలో చెబుతారు, 18 లైన్ గుండీ అంటే వ్యాసం సుమారు 11.4 మిల్లీమీటర్లు. సైజు అందరూ రాస్తారు, కుట్టే పద్ధతి చాలామంది రాయరు. కొన్ని గుండీ మెషిన్లు ఒకే దారంతో గొలుసు కుట్టు వేస్తాయి. ఆ కొస పట్టుకుని లాగితే మొత్తం ఊడి వస్తుంది. బడిలో కూర్చుని దారం కొస పీకని పిల్లలెవరు? అందుకే "లాక్ కుట్టు మెషిన్ మీదే గుండీలు" అని స్పెక్‌లో ఉండాలి. కాలర్ లోపల అదనపు గుండీ ఒకటి కుట్టించండి. అమ్మకి పని తగ్గుతుంది.

గుండీ, దారం, లేబుల్, ఫ్యూజింగ్ ముక్క అన్నీ ఒక అట్ట మీద అతికించి, సంతకం, తేదీ వేసి లైన్ మొదట్లో వేలాడదీయండి. ఈ ట్రిమ్ కార్డు, సంతకమైన శాంపిల్ చొక్కా రెండూ ఉంటే చదవడం రానివాళ్లు కూడా సరిచూసుకోగలరు.

ఐదో మెట్టు: పని విధానాలు, అందులో ముందు ఏవి

ఒకేసారి నలభై ఎస్‌ఓపీలు రాయాలని కూర్చుంటే ఒక్కటీ పూర్తవదు. తప్పు జరిగినా వెంటనే కనిపించని పనులతో మొదలుపెట్టండి. వంకర కుట్టు కంటికి కనిపిస్తుంది, అక్కడే ఆల్టర్ చేస్తారు. ఫ్యూజింగ్ సరిగ్గా అతుక్కోకపోతే మాత్రం ఇస్త్రీ చేసిన చొక్కా అద్దంలా ఉంటుంది. రెండు ఉతుకుల తర్వాత కాలర్ మీద బుడగలు లేస్తాయి. అప్పటికి చొక్కా మన దగ్గర ఉండదు.

ఫ్యూజింగ్ గురించి చాలా చోట్ల ఉండే వాక్యం: "మెషిన్ తగినంత వేడెక్కాక కాలర్ ముక్కలను జాగ్రత్తగా ఫ్యూజ్ చేయాలి." దీన్ని చదివిన ఒక కొత్త ఆపరేటర్ నన్ను అడిగింది: "సార్, తగినంత అంటే ఎంత సార్?" ఆమె అడిగింది న్యాయమైన మాట. ఇప్పుడు నేను రాసే తీరు ఇది:

1. షిఫ్ట్ మొదట్లో మెషిన్ ఆన్ చేయండి. తెర మీద 145 డిగ్రీలు వచ్చాక ఇంకో 10 నిమిషాలు ఆగండి.
2. వేడి చూపే పేపర్ స్ట్రిప్‌లు మూడు తీసుకుని, బెల్టు ఎడమన, మధ్యలో, కుడిన ఒక్కోటి పంపండి. గుడ్డకి, ఫ్యూజింగ్‌కి మధ్యలో పెట్టి పంపాలి.
3. మూడింటిలో ఏ ఒక్కటైనా 140 కన్నా తక్కువ లేదా 150 కన్నా ఎక్కువ చూపిస్తే ముక్కలు పెట్టవద్దు. సూపర్‌వైజర్‌ని పిలవండి.
4. మూడు స్ట్రిప్‌లనీ రిజిస్టర్‌లో అతికించి టైము, పేరు రాయండి.
5. ఒక శాంపిల్ ముక్క ఫ్యూజ్ చేసి, పూర్తిగా చల్లారాక ఒక మూల నుంచి లాగి చూడండి. సులువుగా ఊడితే మెషిన్ ఆపండి.
6. భోజనం తర్వాత, ఫ్యూజింగ్ రోల్ మార్చిన ప్రతిసారీ 2 నుంచి 5 వరకు మళ్లీ చేయండి.

ఇందులో అంకెలు ఉదాహరణకే. వేడి, ఒత్తిడి, సెకన్లు మూడూ ఫ్యూజింగ్ అమ్మినవాళ్ల షీట్ నుంచి తీసుకుని, మీ గుడ్డ మీద పరీక్షించి, ఉతికి చూసి రాయాలి. తెర మీద అంకెని నమ్మవద్దని రెండో అంశం పెట్టాను. తెర చూపేది హీటర్ వేడి, జిగురుకి అందే వేడి కాదు. మధ్యలో బాగుండి ఒక పక్క చల్లగా ఉండే బెల్టులు చాలానే ఉంటాయి.

రెండోది విరిగిన సూది. పిల్లల బట్టలు కుట్టేవాళ్లకి ఇంతకన్నా ముఖ్యమైన కాగితం లేదు. సూది విరిగిన క్షణమే మెషిన్ ఆపాలి, చొక్కాను కదపకూడదు. సూపర్‌వైజర్ వచ్చి ముక్కలన్నీ ఏరి, రిజిస్టర్‌లో టేపుతో అతికించి, పూర్తి సూది అయిందో లేదో కొత్త సూది పక్కన పెట్టి చూడాలి. విరిగిన ముక్కలన్నీ ఇస్తేనే కొత్త సూది. ఒక్క ముక్క దొరకకపోయినా ఆ బండిల్ మొత్తం పక్కకి తీసి, అయస్కాంతంతో, మెటల్ డిటెక్టర్‌తో వెతకాలి. అప్పటికీ దొరకకపోతే ఆ చొక్కా బయటికి వెళ్లకూడదు. ఇంకొక వాక్యం తప్పకుండా రాయండి: "సూది విరిగినందుకు ఎవరి జీతంలోనూ కోత ఉండదు." కోత పెట్టిన చోట విరిగిన ముక్కలు చెత్తబుట్టలోకి, మెషిన్ కిందకి వెళ్తాయి, ఎవరూ చెప్పరు.

ఆరో మెట్టు: భాష

ఒక్కో అంశంలో ఒక్క పనే ఉండాలి. "ఫ్యూజ్ చేసి, చల్లార్చి, లాగి చూసి, రాయాలి" అంటే నాలుగు పనులు, మూడోది మర్చిపోతారు. "చేయబడవలెను" లాంటి మాటలు వద్దు. అందులో చేసేది ఎవరో ఉండదు. "చెకింగ్ వాళ్లు ప్రతి బండిల్‌లో 3 చొక్కాలు కొలుస్తారు" అని మనిషిని పెట్టి రాయండి. రాసింది పూర్తయ్యాక తగినంత, సరిగ్గా, జాగ్రత్తగా, వీలైనంత అన్న మాటలు ఎక్కడున్నాయో వెతికి, ఒక్కొక్క చోట అంకెతో మార్చండి. కాజాను బొత్తాం రంధ్రం అని, ఓవర్‌లాక్‌ని ఇంకేదో అని అనువాదం చేయకండి. ఫ్లోర్ మీద ఏమంటారో అదే. ఒడిశా, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు లైన్‌లో ఉంటే వాళ్ల భాషలో ఒక కాపీ, దానితో పాటు తప్పు ముక్క, ఒప్పు ముక్క పక్కపక్కన ఉన్న ఫొటో పెట్టండి.

ఏడో మెట్టు: ఎన్ని చూడాలి, ఎన్నింటికి ఆపాలి

చివరి చెకింగ్‌కి ఐఎస్‌ఓ 2859-1 పట్టికలు (లాట్‌లో ఎన్ని తీసి చూడాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం) వాడతారు. 1,200 చొక్కాల లాట్‌కి మామూలు లెవెల్ 2లో 80 చొక్కాలు తీయాలి. ఏక్యూఎల్ (ఒప్పుకునే లోపాల హద్దు) 2.5 అయితే పెద్ద లోపాలు 5 వరకు పాస్, 6 వస్తే లాట్ ఆగుతుంది. చిన్న లోపాలకి 4.0 పెట్టుకుంటే 7 వరకు పాస్, 8కి ఆగుతుంది. సూది ముక్క, పదునైన గుండీ అంచు లాంటి ప్రమాదకర లోపం ఒక్కటున్నా పాస్ లేదు. ఏది పెద్ద లోపం, ఏది చిన్నది అన్నది ముందే జాబితా రాసి పెట్టాలి. లారీ గేటు దగ్గర నిలబడ్డప్పుడు ఆ మాట తేల్చుకోవాలంటే అందరికీ టెన్షన్, అప్పుడు పెద్ద లోపాలన్నీ చిన్నవిగా కనిపిస్తాయి. 80 చొక్కాలు కూడా పై డబ్బాల నుంచే తీయకుండా, ఏ డబ్బాల నుంచి ఎన్ని తీయాలో, ఎవరు ఎంచాలో రాయండి.

ఎనిమిదో మెట్టు: పరీక్ష, మార్పు

రాసిన ఎస్‌ఓపీని ఆ పని ఎప్పుడూ చేయని మనిషికి ఇచ్చి, పక్కన నిలబడి, నోరు మెదపకుండా చూడండి. ఇది కష్టంగా ఉంటుంది, చెప్పాలనిపిస్తుంది. చెప్పకండి. తను ఆగిన చోటు, మీ వైపు తిరిగి చూసిన చోటు గుర్తు పెట్టుకోండి. తిరగరాయాల్సింది అక్కడే. కొలతల పట్టికకైతే ఒకే చొక్కాను ముగ్గురి చేత విడివిడిగా కొలిపించండి. ముగ్గురి అంకెలు 3 మిల్లీమీటర్ల లోపు కలిసేదాకా రెండో గడిని సరిచేస్తూ ఉండండి.

ప్రతి కాగితం మీద వెర్షన్ నంబరు, తేదీ, రాసినవారి పేరు, ఒప్పుకున్నవారి సంతకం ఉండాలి. బయ్యర్ ఫోన్‌లో చెప్పిన మార్పుని పెన్నుతో దిద్ది వదిలేయకుండా ఆ రోజే కొత్త వెర్షన్ వేయండి. ఎన్ని కాపీలు ఎవరెవరికి ఇచ్చారో ఒక పుస్తకంలో రాసుకోండి: కటింగ్‌లో 2, లైన్‌లో 6, చెకింగ్‌లో 3, ఇస్త్రీ, ప్యాకింగ్‌లో 3. కొత్తది ఇచ్చే ముందు పాతవి 14కి 14 వెనక్కి రావాలి. 13 వస్తే ఆ మిగిలింది ఏదో మెషిన్ పక్కన గోడకి అతికించి ఉంటుంది. అది దొరికాకే కొత్త కాపీలు పంచండి.